ముసలి వేషాలాయన గొంతు

ఇది ఎప్పుడో రాయవలసింది. మొదట్లో రాయకపోవడానికి కారణం మామూలుదే, నాకు అక్షరాలు రావు. మా నాన్న కాలవ లాకుల దగ్గర లస్కరుగా పనిచేసేవాడు. పడవ వచ్చినప్పుడు లాకు తలుపులు తిప్పడం, నీటి మట్టం చూసుకోవడం ఆయన పని. అమ్మ ఊడ్పులకీ కోతలకీ వెళ్ళేది. నా తర్వాత పుట్టిన పిల్లలు లాకు గోడ ఎక్కి నీళ్ళలో పడకుండా చూడడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషిని నేను. బడి మా ఇంటికి వినబడేంత దూరంలోనే ఉండేది. అక్కడ పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే చంటిదాన్ని చంకలో వేసుకుని ఇక్కడ నేనూ వల్లించేదాన్ని. చెవితో వచ్చేవన్నీ వచ్చాయి. కంటితో రావలసినవి రాలేదు.

నడివయసు దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అయినా రాయలేదు. నేర్పిన మనిషి పోయారు. పలకను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాను. ఆ తర్వాత బస్సు మీద ఊరి పేరు చదివాను, గ్యాసు పుస్తకంలో సంతకం పెట్టాను, అంతకు మించి రాయలేదు. ఈ మధ్య సున్నం వేయించడానికి అటక మీద సామాను దింపితే పలక బయటపడింది. ఒక మూల చెక్క ఊడింది. దాన్ని తుడిచి కిటికీలో పెట్టి, బజారుకు వెళ్ళి ఒక రూళ్ళ పుస్తకం కొనుక్కొచ్చాను. ఆయన గురించి రాయడానికి ఇక ఎవరూ మిగల్లేదు. నాటకాల వాళ్ళు ఒక్కొక్కరే పోయారు.

ఆయన ధవళేశ్వరంలో కాలవ గట్టు మీది రైసు మిల్లులో గుమాస్తా. పగలు ధాన్యం బస్తాలు కాటా వేయించేవారు. సాయంత్రం నాటకం. నన్ను పెళ్ళి చేసుకునేనాటికే ఆయనకు చుట్టుపక్కల ఊళ్ళలో పేరుంది, కానీ ఆ పేరు వినగానే జనానికి గుర్తొచ్చేది ఒక ముసలివాడు. పాతికేళ్ళకే నుదుటి మీద జుట్టు పల్చబడిందట. గొంతు బావిలోంచి వచ్చినట్టు లోతుగా ఉండేది. దాంతో నాటక సంఘం వాళ్ళు తండ్రి వేషం ఇచ్చారు. అది కుదిరింది. ఇక తండ్రులు, తాతలు, మునసబులు, రిటైరైన మాస్టర్లు, మంచం మీద దగ్గుతూ కొడుకుని పిలిచేవాళ్ళు, అన్నీ ఆయనవే.

పెళ్ళయిన కొత్తలో నేను చూసిన మొదటి నాటకంలో ఆయన ఎనభై ఏళ్ళవాడు. మూడో రంగంలో చచ్చిపోయారు. నేను మా అత్తగారి పక్కన కూర్చుని నిజంగానే ఏడ్చేశాను. ఆవిడ మోచేత్తో పొడిచింది.

"ఊరుకోవే పిల్లా, పొద్దున్న ఇడ్లీలు ఎన్ని తిన్నాడో చూసేవు కదా. ఇంకా చాలాకాలం ఉంటాడు."

మర్నాడు బోరింగు దగ్గర ఆడవాళ్ళు నన్ను వదల్లేదు. "ఏమ్మా, మీ తాతగారు మిల్లుకెళ్ళేరా?" అని ఒకావిడ, "కర్ర ఇచ్చి పంపేవా, పడిపోతారేమో" అని ఇంకొకావిడ. ఇంటికొచ్చి ఆయనతో చెప్తే నవ్వారు.

"వాళ్ళు అలా అన్నారంటే నేను బాగా చేశానన్నమాటే."

"హీరో వేషం ఒక్కటైనా వెయ్యకూడదాండీ?"

"హీరో వేషం ఖర్చు పెట్టుకునేవాడిదే. సెట్టింగులకీ లారీకీ ఇచ్చేవాడు హీరో వెయ్యక నౌకరు వేస్తాడా? అతను డైలాగు మర్చిపోతే పక్కన దగ్గడానికి ఒక ముసలాడు కావాలి కదా. అది నేను."

ఆ మాట నిజమే. అవతలివాళ్ళు తడబడినప్పుడు ఆయన దగ్గేవారు, లేదా కర్ర కింద పడేసి వెతుక్కునేవారు. ఆ లోపల వాళ్ళు సర్దుకునేవాళ్ళు. జనానికి అది వేషంలో భాగమే. నాటక పరిషత్తు పోటీల్లో ఉత్తమ క్యారెక్టర్ నటుడు అని ఆయనకు షీల్డులు వచ్చేవి. మా గూట్లో చోటు చాలక కొన్ని బియ్యం డబ్బా మీద పెట్టేదాన్ని.

మాకు పిల్లలు లేరు. ఆయన కొత్త నాటకం తెచ్చినప్పుడల్లా ముందు నాకు మొత్తం చదివి వినిపించేవారు. హీరో మాటలు, హీరోయిన్ మాటలు, పోలీసు మాటలు అన్నీ. నాకు చెవితో పట్టుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. కొద్ది రోజుల్లో నాటకం అంతా నా నోటికి వచ్చేసేది. అప్పుడు పుస్తకం పక్కన పడేసేవారు. నేను వంటింట్లో కూర తిప్పుతూ ఎదుటివాళ్ళ మాటలు అందిస్తే, ఆయన గుమ్మంలో నిలబడి తన మాటలు చెప్పేవారు. నేను కోడలినై అరిచేదాన్ని, కొడుకునై ఎదిరించేదాన్ని. పక్కింటి పంతులమ్మగారు మొదట్లో కంగారుపడి గోడ మీంచి తొంగి చూసింది. ఆవిడ లూథరన్ మిషను బడిలో టీచరు. "ఏంటమ్మా, ఆయన్ని అంతలేసి మాటలంటున్నావు?" అంది. నాటకమని చెప్పాక రోజూ పీట వేసుకుని గోడ అవతల కూర్చుని వినేది.

ఆయన పద్ధతులు కొన్ని నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. మాట కన్నా మాటకూ మాటకూ మధ్య ఆగడం ముఖ్యమనేవారు. నేను అందించేటప్పుడు తొందరపడితే అరచెయ్యి పైకెత్తేవారు, ఆగమని. చెయ్యి దించాక అనాలి. ఇంకొకటి మైకు. పరిషత్తు స్టేజీ మీద మైకులు పైనుంచి తాళ్ళకు వేలాడుతుంటాయి. కొత్తవాళ్ళు వాటిని పట్టించుకోకుండా అటూ ఇటూ తిరుగుతారు. ఈయన అలా కాదు. తెర తియ్యకముందే వెళ్ళి ఏది ఎక్కడుందో చూసుకుని, ముఖ్యమైన మాట వచ్చేసరికి నడుస్తూ నడుస్తూ సరిగ్గా దాని కిందికి చేరేవారు. "మైకు కింద అన్నదే మాట. పక్కన అన్నది గాలికి పోయింది" అనేవారు.

తొంభైలలో గోదావరి మీద సినిమా షూటింగులు బాగా జరిగేవి. ఊరి మనుషుల్ని పోగుచేసి కంపెనీలకు పంపే ఏజెంటు ఒకతను రాజమండ్రిలో ఉండేవాడు. అతను మిల్లుకు కబురు పెట్టేవాడు. ఈయన సెలవు పెట్టి వెళ్ళేవారు. పంచాయతీలో అరుగు మీద మూడో పెద్దమనిషి. పెళ్ళిలో తాంబూలం పుచ్చుకునే చుట్టం. శవం పక్కన తువ్వాలు నోట్లో కుక్కుకునే ముసలాడు. మాట ఉండదు. మేమిద్దరం ప్రతి సినిమాకూ వెళ్ళేవాళ్ళం. ఒక దానిలో హీరో వచ్చి ముందు నిలబడేసరికి ఈయన వీపు మాత్రమే కనబడింది. మిల్లులో కాటా దగ్గరతను చాలా రోజులు ఏడిపించాడు.

"గుమాస్తా గారూ, వీపు బ్రహ్మాండంగా చేసిందండి. దానికీ షీల్డు ఇప్పించాలి."

"వెనక్కి తిరిగి ఏడవడం కష్టమయ్యా. నువ్వు చేసి చూడు" అన్నారు ఈయన. నవ్వుతూనే అన్నారు. కానీ ఇంటికొచ్చాక అద్దంలో చాలాసేపు చూసుకున్నారు.

గొంతు బొంగురుపోవడం ఆ తర్వాత ఒకటి రెండేళ్ళకు మొదలైంది. మిల్లులో తవుడు ధూళి అనుకున్నాం. మిరియాల పాలు ఇచ్చాను. చుట్టలు మానిపించాను, చాలా ఆలస్యంగా. ఆ సంవత్సరమే ఒక పరిషత్తులో ఆయన తాత వేషం వేస్తే న్యాయనిర్ణేత మైకులో ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ముసలితనానికి తగ్గట్టు గొంతు ఇంత సహజంగా మార్చుకున్న నటుణ్ణి చూడలేదన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన షీల్డు పుచ్చుకుని దండం పెట్టారు. దారిలో నాతో, "మార్చలేదే, మారిపోయింది" అన్నారు.

కాకినాడలో డాక్టరుగారు చిన్న అద్దం నోట్లో పెట్టి చూశారు. ముక్క తీసి పరీక్షకు పంపారు. మళ్ళీ వెళ్ళినప్పుడు కుర్చీ దగ్గరకు జరిపి, గొంతులోని స్వరపేటిక తీసెయ్యాలి, త్వరగా తీస్తేనే మంచిది, తీశాక మాట రాదు అని నెమ్మదిగా చెప్పారు. ఆయన విని, "మాట రాదంటే, మెల్లగానన్నా రాదాండి?" అని అడిగారు. రాదన్నారు.

అదే వారంలో ఏజెంటు మా ఇంటికే వచ్చాడు.

"మాస్టారూ, ఈసారి వీపు కాదండి. మాట ఉందండి. పడవ ఎక్కి ఊరొదిలి వెళ్ళిపోయే హీరోకి తాతగారు. రేవులో నిలబడి మాట్లాడాలి. మొహం తెర నిండా పడుద్దంట. మీ పరిషత్తు నాటకం ఎవరో చూసి చెప్పేరంట."

"ఎప్పుడు?"

"ఎర్రనీరు తగ్గేకండి. పోలవరం వైపు రేవులో. నది తేటగా కనబడాలంట."

వరద రోజులవి. నీరు ఎప్పుడు తగ్గుతుందో ఎవరూ చెప్పలేరు. ఏజెంటు వెళ్ళగానే నేను గుమ్మంలో అడ్డం నిలబడ్డాను.

"ఆపరేషను చేయించుకుని సినిమా చేద్దురుగాని."

"అప్పుడు ఏ గొంతుతో చెయ్యమంటావే?"

"గొంతు లేకపోతే మానె. మనిషి ఉండొద్దాండీ?"

ఆయన గూట్లో షీల్డుల వైపు చెయ్యి చూపించారు. "ఇన్నేళ్ళు మాట్లాడాను. నేనన్న మాట ఒక్కటి ఎక్కడైనా ఉందా, చూపించు. తెర దించేసరికి పోయింది. పోయే గొంతు ఎలాగూ పోద్ది. ఒక్కచోట దాచుకోనియ్యి."

పంతులమ్మగారు తన టేపు రికార్డరు తెచ్చింది. ఇందులో చెప్పండి, దాచుకుందామంది. ఆయన కుర్చీలో కూర్చుని రెండు మూడు మాటలు చెప్పారు. వెనక్కి తిప్పి వింటే బుసబుసమంటూ దగ్గు వచ్చింది. "ఎదర వేషం లేదు, జనం లేరు. గోడకి చెప్పినట్టుంది. ఇది నేను కాదు, తుడిపెయ్యండమ్మా" అన్నారు. ఆవిడ మొహమాటపడి ఆ క్యాసెట్టు మీద వాళ్ళ చర్చి పాటలు ఎక్కించుకుంది.

నేను రోజూ బ్యారేజీ దాకా వెళ్ళి నీళ్ళు చూసొచ్చేదాన్ని. ఎర్రగా సుళ్ళు తిరుగుతూ అలాగే ఉండేది గోదావరి. త్వరగా తగ్గు తల్లీ అని ఆ నదిని నేను అంతకు ముందెప్పుడూ అంతగా వేడుకోలేదు. ఇంట్లో ఆయన నాతో, ఏజెంటు రాసిచ్చిన తాతగారి నాలుగు వాక్యాలూ సాధన చేసేవారు. గొంతు మిగుల్చుకోవడానికి చాలాసార్లు పెదవులు మాత్రమే కదిపేవారు. సినిమా గదా, వెనక వరసకి కాదు, ఎదర ఉన్న ఒక్కడికి చెప్పాలి అని తగ్గించి తగ్గించి చెప్పడం నేర్చుకున్నారు. ఆ మాటలు ఇవి:

"బాబూ, నేను నిన్ను ఆపను. ఆపినా ఆగేవాడివి కాదు. పడవ కదిలాక వెనక్కి చూడకు. ఈ ముసలాడికి కళ్ళు తుడుచుకోడానికి కాస్త చాటు కావాలి."

రెండో వాక్యం తర్వాత ఆయన చాలాసేపు ఆగేవారు. నాకైతే మర్చిపోయారేమో అనిపించేంతసేపు. ఆ ఆగడంలోనే తాత ఒప్పుకుంటాడు, అనేవారు.

నీరు తేటబడ్డాక షూటింగు పెట్టారు. నేను గోరువెచ్చని నీళ్ళు ఫ్లాస్కులో పట్టుకుని కూడా వెళ్ళాను. రేవులో జనరేటరు మోగుతోంది, లాంచీ ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది. ఒకతను పొడవాటి కర్ర చివర మైకు కట్టి ఈయన తల మీదికి చాపాడు. నేను ఆయన మొహం చూశాను. వెలిగిపోయింది. పైన వేలాడే మైకు. పరిషత్తులో ఉన్నట్టే. ఆయన కళ్ళెత్తి దాని చోటు చూసుకుని అర అడుగు ముందుకు జరిగారు.

"పెద్దాయనా, పైకి చూడకండి. మీరు జరక్కండి, అదే మీ మీదికొస్తుంది" అన్నాడు అసిస్టెంటు డైరెక్టరు.

"ఆయ్, అలాగేనండి" అన్నారు ఈయన.

చెప్పారు. మిగిలిన గొంతంతా ఆ నాలుగు వాక్యాల్లో పెట్టారు. బొంగురులోంచే ఎప్పటి లోతు వచ్చింది. నేను గట్టు మీద ఫ్లాస్కు పట్టుకుని నిలబడి, ఆగినచోట నేనూ ఊపిరి ఆపుకున్నాను. అయ్యాక ఆయన ఆ అసిస్టెంటు దగ్గరికి వెళ్ళారు.

"బాబూ, డబ్బింగుకని పిలుస్తారట కదా, నేను రాలేనండి. ఆపరేషనుంది. మాట పడిందా?"

"పడిందండీ, సూపర్‌గా పడింది. ఫర్వాలేదు, మేం చూసుకుంటాం."

ఆ అబ్బాయి మోసం చెయ్యలేదు. అడిగిన దానికి మర్యాదగా జవాబిచ్చాడు. ఆ మైకు తర్వాత డబ్బింగు చెప్పేవాళ్ళకు దారి చూపడానికేనని, జనరేటరు మోతలో పట్టిన మాట సినిమాలోకి ఎక్కదని ఏజెంటు నాకు చెప్పింది సినిమా వచ్చి వెళ్ళాక. ఆ రోజు బస్సులో ఆయన దారిపొడవునా మాట్లాడుతూనే ఉన్నారు. పక్క సీటువాళ్ళతో, కండక్టరుతో. దాచుకోవలసిన పని ఇక లేదన్నట్టు.

ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళేటప్పుడు, "చెప్పులు లోపలికి రానివ్వరంట, నీ దగ్గరుంచు" అన్నారు. ఆయన గొంతుతో నేను విన్న ఆఖరి మాట అది.

మెడ కింద చిన్న రంధ్రంతో, దాని మీద పల్చటి గుడ్డతో ఇంటికి తీసుకొచ్చాను. ఊపిరి అక్కడి నుంచే. పంతులమ్మగారు బడి నుంచి ఒక పలక, బలపాల డబ్బా తెచ్చిచ్చింది. ఆయన రాసేవారు. నేను చూసేదాన్ని. నా కంటికి అవి కోడి కెలికిన గీతలు. పలక పట్టుకుని పక్కింటికి పరిగెత్తేదాన్ని. "నీళ్ళు గోరువెచ్చగా కావాలంటున్నారమ్మా" అని ఆవిడ చదివేది. "తలగడ ఎత్తు చెయ్యమంటున్నారు." ఆవిడ బడికి వెళ్తే సాయంత్రం దాకా ఆయన దాహంతో ఉన్నారో నొప్పితో ఉన్నారో నాకు తెలిసేది కాదు.

ఒకనాడు ఇచ్చిన పలకను ఆవిడ మామూలుగానే పైకి చదివింది. "ఒళ్ళు తుడిచేటప్పుడు కిటికీ వెయ్యి. నాకు సిగ్గుగా ఉంది." చదివాక ఆవిడ మొహం ఎర్రబడింది. గోడ ఇవతల మంచం మీద ఆయనకు అది వినబడింది. తన మాట ఇంకొకరి గొంతులో. నేను పలక తెచ్చేసరికి గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆ తర్వాత కొన్నాళ్ళు బలపం ముట్టుకోలేదు.

నేనే మంచం పక్కన కూర్చుని, "నాకు నేర్పండి" అన్నాను. ఆయన వింతగా చూసి, ఒక అక్షరం రాసి చూపించారు. నాకు దాని పేరు తెలియదు. ఆయన చెప్పలేరు. నోరు తెరిచి చూపించారు. అది 'ఆ' అనే నోరో, 'ఈ' అనే నోరో తెలియలేదు. ఇంకొకటి రాశారు. అదీ అంతే. కోపం వచ్చి పలక విసిరేశారు. ఊడిన మూల అప్పటిదే.

మర్నాడు ఆయన మంచం దిగారు. గోడకి ఆనించిన వెదురు కర్ర తీసుకున్నారు. నడుము వంచారు. ఎడమకాలు కాస్త ఈడుస్తూ గుమ్మం దాకా వెళ్ళి, ద్వారబంధం పట్టుకుని నా వైపు తిరిగి చూశారు. ఆ నడక నాకు తెలుసు. ఆయనకు పేరొచ్చిన తండ్రి వేషం, మొదటి రంగం. నా నోట్లోంచి మాట అదే వచ్చేసింది.

"తలుపు తీసే ఉంచమ్మా. వచ్చేవాడికి తెలియొద్దూ, ఇల్లు మనదేనని."

ఆయన కర్ర పడేసి గబగబా వచ్చి పలక మీద రాశారు. మొదటి గీతల గుంపు మీద వేలు పెట్టి నన్ను చూశారు. "తలుపు" అన్నాను. వేలు మొదటి అక్షరం మీదికి. "త." తర్వాతి దాని మీదికి. "లు." తర్వాత. "పు." ఆయన చిటికె వేశారు.

అలా నేర్చుకున్నాను. ఎన్నో ఏళ్ళు నేను మాట అందిస్తే ఆయన వేషం వేశారు. ఇప్పుడు ఆయన వేషం అందిస్తే నేను మాట చెప్పేదాన్ని, ఆ మాటను ఆయన పలక మీద పెట్టేవారు. మునసబు మాటల్లో గుణింతాలు వచ్చాయి. రిటైరైన మాస్టరు ఇంగ్లీషు ముక్కల్లో వత్తులు వచ్చాయి. నాకు తెలియని మాటను నాకై నేను మొదట చదివింది ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర. పులుసు నోట్లో పెట్టుకుని ఆయన మొహం చిట్లించి పలక మీద ఏదో రాశారు. చూశాను. తలుపులో పు, తలుపులో లు, మళ్ళీ అదే పు.

"పులుపా? పులుపెక్కువైందా?" అని అరిచాను.

ఆయన భుజాలు ఊగాయి. నవ్వు శబ్దం లేదు, మెడ మీది గుడ్డ మాత్రం ఎగిరెగిరి పడింది. పంతులమ్మగారు గోడ మీంచి ఏమైందమ్మా అని అడిగింది. ఏమీ లేదండి, పులుసు పులుపెక్కింది అన్నాను. ఆ రోజు నుంచి పలక పక్కింటికి వెళ్ళలేదు.

ఆయనకు తగ్గడం లేదని ఇద్దరికీ తెలుసు. మెడ పక్కన మళ్ళీ గడ్డ కట్టింది. కానీ సినిమా ఇంకా రావలసి ఉంది. పలక మీద తరచూ వచ్చే మాట అదే. "ఎప్పుడట?" నేను ఏజెంటుకు ఫోను చేసి అడిగి వచ్చి చెప్పేదాన్ని. ఇక మాట్లాడరు గాని, మాట్లాడినది ఒకచోట ఉంది. ఆ ధైర్యంతోనే ఆయన గంజి తాగేవారు, మందు మింగేవారు. నాకూ ఆశ ఉండేది. ఆయన తర్వాత ఎప్పుడైనా ఆ సినిమా ఆడుతుంటే వెళ్ళి కళ్ళు మూసుకుని కూర్చోవచ్చు అనుకునేదాన్ని.

సినిమా వచ్చింది. రాజమండ్రిలో మ్యాట్నీకి మిల్లువాళ్ళు, నాటకాలవాళ్ళు కలిసి ఒక వరస మొత్తం టిక్కెట్లు తీశారు. ఆయన గంజి పెట్టిన పంచె కట్టుకున్నారు. మెడ కనబడకుండా కండువా నేనే చుట్టాను. మొహం సగమైపోయింది, అయినా నిటారుగా నడిచారు.

రేవు వచ్చింది. తెర నిండా ఆయన మొహం. మావాళ్ళు ఈలలు వేశారు. "గుమాస్తాగారూ, వీపు కాదండోయ్!" అని కాటా దగ్గరతను అరిచాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

"బాబూ," అంది ఒక గొంతు.

కళ్ళు తెరిచాను. ఆయన పెదవులే కదులుతున్నాయి. వస్తున్నది ఇంకొకరి గొంతు. వణుకుతూ, ఏడుపు కలిపి, తాతలందరూ సినిమాల్లో మాట్లాడే గొంతు. "నేను నిన్ను ఆపను. ఆపినా ఆగేవాడివి కాదు. పడవ కదిలాక..." ఎక్కడా ఆగలేదు. ఆ ఆగడం కత్తిరించేశారు. తెర మీద రెండో వాక్యం కాగానే పడవ చూపించి, మూడో వాక్యానికి మళ్ళీ ఆయన మొహం చూపించారు.

పక్కకు తిరిగాను. చీకట్లో ఆయన పెదవులు కదులుతున్నాయి. తన వేగంలో తను చెప్తున్నారు. రెండో వాక్యం దగ్గర ఆగారు. తెర మీద గొంతు అన్నీ చెప్పేసి వెళ్ళిపోయింది, పడవ కదిలింది, పాట మొదలైంది. ఆయన అప్పుడు మూడోది మొదలుపెట్టారు. నాలుగోది చెప్పి నోరు మూసుకునేసరికి తెర మీద హీరో పొలాల్లో పాడుతున్నాడు. ముందు వరసలో ఆడవాళ్ళు ఇంకా కళ్ళు తుడుచుకుంటున్నారు.

బయట జనం చుట్టూ చేరారు. కాటా దగ్గరతను ఆయన చేతులు పట్టుకుని, "ఏం గొంతండీ! ఆ ఒక్క ముక్కకే నాకు ఏడుపొచ్చేసిందండి. పోతేపోయింది గాని సినిమాలో భద్రంగా ఉందండి మీ గొంతు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆయన గొంతు ఎలాంటిదో అతనికీ అప్పటికే గుర్తు లేదు. నాటక సంఘం పెద్దాయన ఒక్కడే తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు. ఈయన అందరికీ దండం పెట్టారు. షీల్డు పుచ్చుకున్నప్పుడు పెట్టినట్టే, కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి.

ఆటోలో ఇంటికొచ్చాం. పలక ఒళ్ళో పెట్టాను, తీసి పక్కన పెట్టారు. గంజి ఇచ్చాను, తాగలేదు. గూట్లో షీల్డుల వైపు కూడా చూడలేదు. ఓదార్పు మాటలు నాకు నాటకాల్లోవి ఎన్నో వచ్చు. అవన్నీ ఆయనకూ వచ్చు.

మర్నాడు పొద్దున్న లేచి వాకిలి ఊడ్చాను. స్టవ్వు మీద నీళ్ళు పెట్టి, అవి కాగే లోపల పలక తీసుకుని గుమ్మంలో కూర్చున్నాను. అంతవరకూ ఆయన రాసినది చదవడమే గాని నాకై నేను రాసింది లేదు. ఆ నాలుగు వాక్యాలూ రాశాను. అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కొన్ని తప్పులు. రెండో వాక్యం అయ్యాక నాలుగు వేళ్ళ మందాన ఖాళీ వదిలి మూడోది మొదలుపెట్టాను.

ఆయన మెలకువగానే ఉన్నారు. తలగడ ఎత్తు చేసి కూర్చోబెట్టి, పలక ఒళ్ళో పెట్టాను. చదివారు. వేలు ఆ ఖాళీ దగ్గరకు వచ్చి ఆగింది. నేను మంచానికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. చెవిలో ఉన్నది ఉన్నట్టు, తగ్గించి, ఒక్కడికి చెప్పినట్టు మొదలుపెట్టాను.

"బాబూ, నేను నిన్ను ఆపను. ఆపినా ఆగేవాడివి కాదు."

నేను మూడోదానికి నోరు తెరవగానే ఆయన అరచెయ్యి పైకి లేచింది. ఆగాను. కాలవ అవతల మిల్లు మొదలైన చప్పుడు వినబడింది. స్టవ్వు మీద నీళ్ళు మరుగుతున్నాయి. పక్కింట్లో పంతులమ్మగారు తలుపుకు తాళం వేసి బడికి బయల్దేరింది. చెయ్యి ఇంకా అలాగే ఉంది. ఆయన కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి, వంటింటి గుమ్మంలోంచి చూసే కళ్ళు. ఇంకా ఆగాను. చెయ్యి నెమ్మదిగా దించారు.

"పడవ కదిలాక," అన్నాను.